మహామంత్రి తిమ్మరుసు : ఒక విషాద గాథ

శ్రీకృష్ణదేవరాయల పేరు పలికిన వెంటనే తెలుగువారి నోట జంటగా వచ్చే పేరు అప్పాజీ. రాయలు తండ్రివలె భావించి అట్లు పిలిచిన ఆ మహామంత్రి అసలు పేరు సాళువ తిమ్మరుసు. పసిపిల్లలకు చెప్పే రాయలు - అప్పాజీ కథలలో ఆయన ఎటువంటి చిక్కుముడినైనా చిరునవ్వుతో విప్పే బుద్ధిశాలి. ఆయన జీవితపు చివరి అంకాన్ని మాత్రం మనం పిల్లలకు చెప్పము. పాఠ్యపుస్తకాలు కూడా రాయచూరు విజయం వరకు వచ్చి, అష్టదిగ్గజాలను లెక్కపెట్టి ఆగిపోతాయి. ఈ జూబిలీ సంచికలో ఆ మిగిలిన కథ కూడా చెప్పడం ఉచితమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. రాజపాళయంలో స్థిరపడిన మన పూర్వికుల రాక విజయనగర చరిత్రతో ముడిపడినదే గదా. ఆ సామ్రాజ్యపు వెలుగును మనదిగా చెప్పుకొనేటప్పుడు దాని చీకటిని పరాయిదనుట న్యాయం కాదు.

తిమ్మరుసు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, రాయల కంటె ముందరి ప్రభువుల కాలంలోనే రాజ్యతంత్రంలో ఆరితేరినవాడు. కత్తి పట్టి సేనలను నడపగలడు, కలం పట్టి వ్యాఖ్యానం వ్రాయగలడు. అగస్త్యుని బాలభారతానికి మనోహర అనే సంస్కృత వ్యాఖ్య ఆయనదే. ఆయన మేనల్లుళ్లు నాదెండ్ల అప్పామాత్యుడు, గోపమంత్రి కూడా పాలకులుగా, సాహిత్యాభిమానులుగా పేరుపొందినవారు.

కథకు బీజం 1509లో పడింది. ఈ వృత్తాంతాన్ని మనకు అందించినవాడు ఫెర్నావో న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు. ఇంచుమించు 1535 ప్రాంతంలో అతడు వ్రాసిన చరిత్రను రాబర్టు స్యూయెల్ ఇంగ్లీషులోనికి తెచ్చి 1900లో ప్రచురించాడు. అతని కథనం ప్రకారం, మరణశయ్యపై ఉన్న వీరనరసింహరాయలు తన ఎనిమిదేండ్ల కుమారుని సింహాసనం ఎక్కించదలచి, అడ్డుగా ఉన్న తమ్ముడు కృష్ణరాయల కన్నులు తీయించి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించాడు. తిమ్మరుసు ఆ యువకుని గుర్రపుసాలకు తీసుకొనిపోయి సంగతి చెప్పాడు. తనకు రాజ్యం అక్కరలేదనీ, యోగివలె లోకంలో తిరుగుతాననీ కృష్ణరాయలు బదులు చెప్పినాడట. మంత్రి మనసు కరిగింది. ఒక మేక కన్నులు తీయించి, అవే ఇవని ప్రభువుకు చూపించాడు. వీరనరసింహుడు నమ్మి కన్నుమూశాడు. కృష్ణరాయలు పట్టాభిషిక్తుడైనాడు.

ఈ ఘట్టం చదివినప్పుడెల్లా నాకు సోఫోక్లీసు నాటకంలోని గొర్రెల కాపరి జ్ఞాపకానికి వస్తాడు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దిలో ఏథెన్సు నగరంలో ప్రదర్శింపబడిన ఆ నాటకంలో, థీబ్సు రాజు లాయస్ తన శిశువును కొండపై విడిచి రమ్మని సేవకునికి అప్పగిస్తాడు. ఆ బిడ్డ పెరిగి తండ్రిని చంపుతాడని జోస్యం. కాపరి జాలిపడి బిడ్డను మరొకరి చేతిలో పెడతాడు. ఆ బిడ్డయే ఈడిపస్. ఆ జాలియే చివరకు అందరికీ ముప్పు తెస్తుంది. తాను ఎవరో తెలుసుకొన్న ఈడిపస్ తన కన్నులు తానే పొడుచుకొంటాడు. రెండు కథలలోనూ రాజాజ్ఞ మీరిన ఒక సేవకుడున్నాడు. మన కథలో గ్రుడ్డివాడైనది మాత్రం కాపాడబడినవాడు కాదు, కాపాడినవాడు.

పట్టాభిషేకం తరువాతి పదిహేనేండ్లు తిమ్మరుసు జీవితంలో మధ్యాహ్న కాలం. 1513లో ఉదయగిరి ముట్టడి ఆరంభమై మరుసటి ఏడు ముగిసింది. 1515 జూన్ 23న కొండవీడు స్వాధీనమైంది. గజపతులపై సాగిన ఈ దండయాత్రలలో ఆయన మాటయే మాట. కొండవీటి సీమ ఆయన అధికారం కిందికే వచ్చింది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన డొమింగో పేస్ అనే మరొక పోర్చుగీసువాడు ఈ వృద్ధమంత్రిని చూచి, సామంతులందరూ రాజు ఎదుట నిలిచినట్లే ఆయన ఎదుట నిలిచేవారని వ్రాశాడు. రాయలను అతడు మిక్కిలి మెచ్చుకొన్నాడు. న్యాయపరుడు, ఉల్లాసి అన్నాడు. అయితే రాజుకు హఠాత్తుగా కోపం ముంచుకొని వస్తుందన్న మాట కూడా చేర్చాడు. బందీగా వచ్చిన గజపతి కుమారుడు వీరభద్రుడు రాయల కొలువులో జరిగిన అవమానం సహింపలేక ప్రాణం తీసుకొన్నాడని న్యూనిజ్ చెప్పిన సంగతిని ఈ మాట పక్కన పెట్టి చదవాలి. గ్రీకు నాటకాలలోని ప్రభువులు దుర్మార్గులు కారు. గొప్పవారే. ఎక్కడో ఒకచోట వారి స్వభావంలో పగులు ఉంటుంది, విధి ఆ పగులు గుండానే లోపలికి వస్తుంది.

1524లో రాయలు తన ఆరేండ్ల కుమారుడు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. తాను దిగి మంత్రి పదవిలో నిలిచి, తిమ్మరుసును సలహాదారుగా ఉంచుకొన్నాడు. ఉత్సవాలు ఎనిమిది నెలలు సాగినవట. ఆ వేడుకల నడుమనే బాలుడు జబ్బుపడి చనిపోయాడు. తిమ్మరుసు కుమారుడే విషం పెట్టించినాడన్న మాట రాజు చెవిన పడింది. దానికి ఏ రుజువు చూపబడినదో న్యూనిజ్ చెప్పడు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి రుజువుతో పని లేకపోయింది.

నిండు కొలువులో రాయలు మంత్రిపై మోపిన నేరం విన్నవారికి ఆశ్చర్యం కలుగక మానదు. నలుబది ఏండ్లుగా రాజ్యం నడిపిన ఆయనకు తాను ఋణపడి లేనని రాజు చెప్పినాడట. నాడు అన్నగారు కన్నులు తీయమన్నప్పుడు ఆజ్ఞ పాటించక మేక కన్నులు చూపి మోసగించినాడు గనుక ఆనాడే ద్రోహి అయినాడని వాదించాడు. ఏ దయ వలన తాను లోకాన్ని చూడగలుగుతున్నాడో ఆ దయనే రాజద్రోహానికి సాక్ష్యంగా నిలబెట్టాడు. ఈడిపస్ కూడా ఇట్లే గ్రుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్ మాట వినక, బావమరిది క్రియాన్ కుట్ర చేశాడని నిందిస్తాడు. కన్నులున్నవానికి కానరానిది కన్నులు లేనివానికి తెలుస్తుంది.

తిమ్మరుసును, ఆయన కుటుంబంలోని వారిని మూడేండ్లు చెరలో ఉంచారు. కుమారుడు తిమ్మ దండనాయకుడు తప్పించుకొని కొండకోటను ఆశ్రయించి యుద్ధం చేశాడు గాని పట్టుబడ్డాడు. బ్రాహ్మణులకు మరణశిక్ష లేదు గనుక వారందరి కన్నులు తీయించి మరల చెరలో వేశారు. కుమారుడు అక్కడనే మరణించాడు.

ఒక్క విదేశీయుని మాటపై ఇంత నమ్మవచ్చునా అని ప్రశ్నించేవారున్నారు. న్యూనిజ్ ఈ సంఘటనల తరువాత చాలా ఏండ్లకు వ్రాశాడు. అంతఃపుర రహస్యాలు ఒక గుర్రాల వర్తకునికి బజారు మాటలుగా చేరి ఉండవచ్చు. విజయనగర ఆస్థాన కవులెవ్వరూ ఈ ఊసెత్తలేదు. కాని ప్రభువు కీర్తి పాడుటకు నియమింపబడినవారి మౌనాన్ని నిర్దోషిత్వానికి రుజువుగా తీసుకొనుట నాకు సమ్మతం కాదు. రాయలను ప్రేమించే తెలుగు ప్రజలే ఈ కథను నమ్మి చెప్పుకొన్నారు. 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన మహామంత్రి తిమ్మరుసు చిత్రం దీనినే ఆధారం చేసుకొన్నది. ఎన్.టి. రామారావు రాయలుగా, గుమ్మడి తిమ్మరుసుగా నటించిన ఆ చిత్రం చూచి కంటతడి పెట్టిన పెద్దలు మన పాత విద్యార్థులలోనే ఎందరో ఉంటారు.

మనకు ఇంకొక సంబంధం ఉన్నది. మన ఊరికి పదిపన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథనే రాయలు ఆముక్తమాల్యదగా వ్రాశాడు. అందులో నాలుగవ ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం విడిచి పోతూ కుమారునికి రాజనీతి బోధిస్తాడు. మంత్రులను ఎట్లా ఎన్నుకోవాలి, ఎట్లా కనిపెట్టి ఉండాలి అన్న విషయం అక్కడ విపులంగా ఉన్నది. ఆ పద్యాలు వ్రాసిన చేయియే తరువాత ఈ శిక్షకు సైగ చేసినదని తలచినప్పుడు, తరగతిలో ఆ కావ్యం చెప్పే ఉపాధ్యాయునికి గొంతు కొంచెం తడబడక తప్పదు. తడబడనీయండి. రాయల కవిత్వం అందువలన తరిగిపోదు, పిల్లలు రాయలను మనిషిగా తెలుసుకొంటారు.

1529లో రాయలు మరణించాడు. రాజ్యం అప్పగించుటకు పెరిగిన కుమారుడు లేడు. మిగిలినవాడు ఏడాదిన్నర పసివాడు. చంద్రగిరి కోటలో ఉంచిన తమ్ముడు అచ్యుతరాయలకే సింహాసనం దక్కింది. నలుబది ఏండ్లు రాజ్యం మోసిన మంత్రి ఆ సమయంలో సభలో లేడు. పెనుకొండలో కోట ద్వారం వద్ద ఉన్న ఒక రాతి కట్టడాన్ని నేటికీ అక్కడివారు తిమ్మరుసు బందిఖానా అని చూపుతారు.