బుచ్చిబాబు నాయుడుగారు

మన పాఠశాల మైదానమున ఎండలో క్రికెట్టు ఆడి, పోయిన బంతిని తుప్పలలో వెదకుకొను బాలురకు ఈ వృత్తాంతము చెప్పవలెనని మాకు చాలకాలముగా కోరిక. గోదావరి కావలనున్న భద్రాచలము ఒకప్పుడు మద్రాసు రాజధానిలోనిది. ఆ మద్రాసు నగరమునందలి తెలుగు కుటుంబమున మోతవరపు వెంకట మహీపతి నాయుడుగారు 1868లో జన్మించిరి. లోకము వారిని బుచ్చిబాబు అనియే యెఱుగును. తాతగారు పారీ కంపెనీ దొరలకు దుబాసీ, అనగా వర్తకమున మధ్యవర్తి. ఇంట సంపదకు కొదువ లేదు.

ఆ దినములలో చేపాకము మైదానము దొరలదైన మద్రాసు క్రికెట్ క్లబ్బు వారిది. అచ్చట ఆడవచ్చిన భారతీయులకు పెవిలియనులో ప్రవేశము లేదు. చెట్లక్రిందనే బట్టలు మార్చుకొని, అచ్చటనే భోజనము చేయవలసియుండెను. బుచ్చిబాబుగారి ధనమును ఈ కట్టుబాటును సడలింపజాలదాయెను. వారు న్యాయస్థానమున కేల పోలేదని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగెను. ఆ దినములలో క్లబ్బనగా సొంత యింటివంటిది; ఎవరిని రానిచ్చుటయు దాని యిష్టముగా నుండెను.

ఆయన ప్రాధేయపడలేదు. 1888లో, ఇరువది యేండ్ల ప్రాయముననే, భారతీయుల కొఱకు మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించిరి. మైలాపూరులోని లజ్ గృహపు తోటలో యువకులకు ఆట నేర్పిరి. బ్యాట్లు, బూట్లు, దుస్తులు సైతము తామే సమకూర్చిరి. ఇట్లు ఇరువది సంవత్సరములు గడచెను.

తుదకు భారతీయులును యూరోపియనులును సమానులై చేపాకమున తలపడునట్లు ఆయన దొరలను ఒప్పించిరి. 1908 డిసెంబరు చివర ఆట నిశ్చయమాయెను. ఏర్పాట్లన్నియు తమవే. కాని ఆటకు కొలది దినములు ముందుగా, నలువది యేండ్లకే, బుచ్చిబాబుగారు కన్నుమూసిరి. ఆట మాత్రము ఆగలేదు. తరువాత అది ప్రెసిడెన్సీ మ్యాచి అను పేర సంక్రాంతి దినములలో 1952 వఱకు జరుగుచుండెను.

పెద్దకుమారుడు వెంకటరామానుజులు నాయుడుగారు 1909లో తండ్రి పేర టోర్నమెంటు నెలకొల్పిరి. అది నేటికిని గలదు. మఱియొక కుమారుడు రామస్వామి తండ్రి పోవునాటికి పండ్రెండేండ్లవాడు. కోటా వారికి దత్తు పోయిన ఈయన 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో భారతదేశము పక్షమున ఆడెను. 1936లో మాంచెస్టరు టెస్టులో ఇంగ్లండుపై మొదట 40, పిమ్మట 60 పరుగులు చేసెను. అప్పటికి ఆయనకు నలువది యేండ్లు. తండ్రి గతించిన వయస్సే. ఆ మైదానపు పెవిలియను నుండియే ఆయన బ్యాటు పట్టుకొని దిగెను.