జాషువ మహాకవి

మన మహాసభ జరుగుచున్న టోలిచౌకికిఁ జేరువనే ఫిల్మునగరము గలదు. చలనచిత్రములకు మాటలు రాని దినములలో, 1915-16 ప్రాంతమున, రాజమహేంద్రవరమున తెరమీఁది కథను, సంభాషణలను చదివి వినిపించి జీవించిన యువకుఁ డొకఁడు పిదప నోరులేని జనులకు నోరయ్యెను. ఆయనయే గుఱ్ఱము జాషువ.

ఈ కవి 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుఁడు. తల్లి లింగమ్మ మాదిగ కులజ. ఇల్లు క్రైస్తవ గృహము. ఇష్షయి కుమారులలో ఆజానుబాహులను విడిచి, గొఱ్ఱెలఁ గాచు దావీదును దైవ మేరుకొనెనని బైబిలు చెప్పును. ఆ గ్రంథమును నమ్మిన యింటఁ బుట్టిన బాలుని లోకము కులముఁ జూచియే దూరముగ నుంచెను. హైందవ గ్రంథములు చదివినందులకు స్వమతస్థులలోఁ గొందఱును నిరసించిరి.

కాళిదాసు మేఘమును దూతగాఁ బంపెను. జాషువ, 1941లో వెలువడిన తన కావ్యమున, అశుభమని జనులు తఱిమికొట్టు గబ్బిలమును బంపెను. గుడిలో వ్రేలాడు నా జీవికిఁ గల ప్రవేశము అస్పృశ్యుఁడగు నరునకు లేదు. కావుననే వాఁడు తన మొఱను దానిచేతనే శివునికిఁ బంపును. వికారమని త్రోయఁబడిన దేహమందు దూతను జూచిన యీ దృష్టియే క్రీస్తు చరిత్ర రచనకును మూలమని మా తలంపు. ఆ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బ్రాహ్మణ పండితులయ్యును స్వహస్తములతో ఆయన పాదమునకు గండపెండేరము దొడిగిరి. 1971 జూలై 24న గుంటూరులో మహాకవి కీర్తిశేషుఁ డయ్యెను.

విద్యార్థి వేతనముల నొసఁగు పోషకులకు మా మనవి యొక్కటి: దరఖాస్తుతో వచ్చిన బాలుని చొక్కాను గాక, వాని చదువును జూడుఁడు.