బెంగాల్‌ను పాలించిన ఆస్ట్రేలియా సైనికుడు

బ్రిటిష్ హయాంలో బెంగాల్ గవర్నర్ పదవిని అలంకరించినవారిలో ఆస్ట్రేలియా దేశీయుడు ఒక్కరే. ఆయన రిచర్డ్ గార్డినర్ కేసీ. క్షామం వంగభూమిని శ్మశానంగా మార్చిన తరుణంలో వచ్చి, రెండేండ్లు పాలించి వెళ్ళిన ఈ మాజీ సైనికుని జీవితం, సమర్థతకు గల హద్దులేమిటో తెలియజెప్పే గాథ.

1890 ఆగస్టు 29న బ్రిస్బేన్ నగరంలో సంపన్న కుటుంబంలో కేసీ జన్మించారు. మెల్బోర్న్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలలో ఇంజనీరింగ్ అభ్యసించారు. 1914లో ప్రపంచ యుద్ధం ఆరంభం కాగానే సైన్యంలో చేరారు. 1915 ఏప్రిల్‌లో గల్లిపోలి తీరాన దిగిన ఆస్ట్రేలియా దళాలకు నాయకుడైన జనరల్ బ్రిడ్జెస్‌కు ఆయన అంగరక్షకాధికారి. మే నెలలో ఆ సేనాని శత్రువు తుపాకి గుండుకు నేలకొరిగినప్పుడు కేసీ ఆయన చెంతనే ఉన్నారు. ఆ కొండలలోనే భారతీయ పర్వత ఫిరంగిదళాలు ఆస్ట్రేలియన్లకు అండగా పోరాడాయి. తదుపరి ఫ్రాన్స్ రణరంగంలో కేసీ రెండు శౌర్య పతకాలు గడించారు.

యుద్ధానంతరం దౌత్యరంగం, రాజకీయం ఆయనను ఆకర్షించాయి. 1931లో పార్లమెంటు సభ్యుడై, 1935 నుంచి 1939 వరకు ఆర్థికమంత్రిగా వ్యవహరించారు. 1940లో వాషింగ్టన్‌లో ఆస్ట్రేలియా తొలి రాయబారి అయ్యారు. 1942లో చర్చిల్ ఆయనను కైరోలో తన మంత్రివర్గ ప్రతినిధిగా నియమించారు. అక్కడినుంచే బెంగాల్‌కు పిలుపు వచ్చింది.

1944 జనవరిలో కేసీ కలకత్తా చేరేనాటికి, క్షామమరణాలు లక్షలకు మించిపోయాయి. మొత్తం మృతులు ముప్పై లక్షల వరకు ఉంటారని పలువురు చరిత్రకారుల అంచనా. ఆకలి తగ్గినా, మలేరియా, మశూచి ప్రజలను కబళిస్తూనే ఉన్నాయి. ధాన్యపు నౌకలకై వైస్రాయి వేవెల్ చేసిన అభ్యర్థనలను లండన్ ప్రభుత్వం పలుమార్లు త్రోసిపుచ్చింది. కేసీ ఇంజనీరు దృష్టితో చూసి, బెంగాల్ దారిద్ర్యానికి మూలం నీటి యాజమాన్యం కొరవడటమేనని నిర్ణయించారు. వర్షాకాలంలో ముంచెత్తి, వేసవిలో ఎండిపోయే నదులను అదుపు చేయనిదే క్షామం తొలగదని పట్టుబట్టారు.

అయితే, పథకాలు ఎంత మంచివైనా వాటిని అమలుపరచే ప్రభుత్వానికి ప్రజావిశ్వాసం ఉండాలి. 1945 మార్చిలో నాజిముద్దీన్ మంత్రివర్గం శాసనసభలో ఓడిపోగా, పాలన గవర్నర్ చేతిలోకి వచ్చింది. సర్వాధికారాలూ దక్కినా, వాటికి ప్రజల సమ్మతి లేకపోయింది. నవంబరులో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణకు నిరసనగా కలకత్తా విద్యార్థులు వీధులకెక్కగా, పోలీసులు కాల్పులు జరిపారు. డిసెంబరులో గాంధీజీ రాజభవనానికి వచ్చి కేసీతో పలుమార్లు సమావేశమయ్యారు. ఒకరు నదులకు ఆనకట్టలు కట్టదలచిన ఇంజనీరు, మరొకరు రాట్నంలో పల్లెల ప్రాణం చూసిన మహాత్ముడు. దృక్పథాలు కలవకున్నా, పరస్పర గౌరవం ఏర్పడింది. 1946 ఫిబ్రవరిలో కేసీ స్వదేశం చేరారు. దామోదర్ నదీలోయ సంస్థ 1948లో స్వతంత్ర భారత రాజ్యాంగ సభ చేసిన చట్టంతోనే అవతరించింది.

స్వదేశంలో ఆయన పాత్ర మారింది. 1951 నుంచి 1960 వరకు విదేశాంగమంత్రిగా, ఆసియా దేశాలు తమ ఇరుగుపొరుగులని ఆస్ట్రేలియన్లకు నచ్చజెప్పేందుకు యత్నించారు. కొలంబో పథకం కింద వేలాది ఆసియా విద్యార్థులు ఆస్ట్రేలియాలో చదువుకునేందుకు ద్వారాలు తెరుచుకున్నాయి. కానీ, చదువు ముగించినవారు అక్కడే స్థిరపడేందుకు ‘శ్వేత ఆస్ట్రేలియా’ విధానం అడ్డుగోడగా నిలిచింది. మంత్రిగా ఆయన ఆ గోడను కూల్చలేదు. గవర్నర్ జనరల్‌గా ఉన్న 1965-69 మధ్యకాలంలో, 1966లో, ఆంక్షలు కొంత సడలాయి. పూర్తిగా తొలగింది 1973లోనే.

1976 జూన్ 17న మెల్బోర్న్‌లో కేసీ కన్నుమూశారు. పరాయి ప్రభుత్వానికి ప్రతినిధిగా వచ్చినవాడు ఎంత సమర్థుడైనా బెంగాల్ గాయాన్ని మాన్పజాలడు. కానీ ఆ గాయాన్ని కళ్ళారా చూసినవాడు స్వదేశం వెళ్ళి, ఆసియాను నిర్లక్ష్యం చేయరాదని తన ప్రజలకు చెప్పడం కూడా చరిత్రలో నమోదు కావలసిన సేవే.