తెర మీద రాళ్ళు పడిన తొలి నాయిక: పి.కె. రోజీ

స్టడీ అవర్ అయిపోయాక క్విజ్ పెట్టుకోవడం మన హాస్టల్లో మా బ్యాచ్ రాకముందు నుంచీ ఉన్న అలవాటు. గ్రూప్స్‌కి చదివే అన్నలు బిట్లు అడిగేవారు, మేము పోటీపడి చెప్పేవాళ్ళం. మొదటి తెలుగు టాకీ? భక్త ప్రహ్లాద, 1932. అందులో లీలావతి ఎవరు? సురభి కమలాబాయి. పూర్తి నిడివి గల మొదటి భారతీయ మూకీ? రాజా హరిశ్చంద్ర, 1913. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. మలయాళ సినిమా తొలి కథానాయిక ఎవరన్న బిట్టు మాత్రం ఏ పుస్తకంలోనూ మాకు తగల్లేదు. ఆ పేరు మాకు పీజీలో చేరాకే తెలిసింది. తెలిసిన రోజు రాత్రి మెస్‌లో అన్నం ముందు కూర్చుని చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె గురించి రాయాలనుకున్నాం.

ఆమె పేరు పి.కె. రోజీ. తిరువనంతపురం నందన్‌కోడ్ ప్రాంతంలో పులయ కులంలో పుట్టింది. పుట్టిన సంవత్సరం 1903 అని చెబుతారు. పులయలంటే మన దగ్గర మాల, మాదిగల్లాగా తరతరాలుగా ఇతరుల పొలాల్లో చాకిరీ చేసి, ఊరికి ఎడంగా బతికినవాళ్ళు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇల్లు గడవడానికి రోజీ గడ్డి కోసేది. మన అమ్మలు, అక్కలు నెత్తిన గడ్డిమోపుతో గట్టు మీద నడిచి రావడం చూసినవాళ్ళకి ఆ పని ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆనాటి తిరువాన్కూరు సంస్థానం ఎలా ఉండేదో కొంచెం తెలుసుకుంటేనే రోజీ కథ అర్థమవుతుంది. అక్కడ అంటరానితనం ఒక్కటే కాదు, కొన్ని కులాలవాళ్ళు పైకులాలకి ఇన్ని అడుగుల దూరంలో నిలబడాలన్న లెక్కలు కూడా ఉండేవి. పులయలు రాజవీధిలో నడవకూడదు. ఆ రోజుల్లోనే 1893లో అయ్యంకాళి అనే పులయ యువకుడు ఎడ్లబండి కొనుక్కుని, తెల్లబట్టలు కట్టి, తలపాగా చుట్టి నిషిద్ధమైన దారిలో బండి తోలాడు. దాడులు జరిగాయి, ఆయన ఆగలేదు. తర్వాత పులయ పిల్లల్ని బడిలో చేర్చుకోవాలని పోరాడాడు, పొలం పనులు ఆపించాడు. మన పిల్లలు బడికెళ్ళడం కోసం సమ్మె చేసిన మనిషి ఒకాయన ఉన్నాడని మన హాస్టల్ గోడల మీద ఎక్కడా రాసి లేదు. ఆయన గురించి వచ్చే ఏడు ఎవరైనా రాస్తే బాగుంటుంది. వైక్కం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం జరిగింది 1924లో. దళితులకు గుడి తలుపులు తెరుచుకున్నది 1936లో. రోజీ సినిమా ఈ రెండిటి మధ్యలో వచ్చింది.

ఆమె మొదట నాటకాల మనిషి. ఆ ప్రాంతంలో కాక్కారిశ్శి అనే జానపద నాటకం ఉండేది. శివపార్వతులు దేశదిమ్మరుల వేషంలో భూమ్మీదకు వచ్చి తిరిగే కథ. పాట, ఆట, హాస్యం, తమిళం, మలయాళం అన్నీ కలిసి ఉంటాయి. రాత్రిపూట దివిటీల వెలుగులో ఆడతారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే ఆ ఆటలో రోజీ నేర్చుకుని రాణించింది. మనకి తెలిసిన పోలిక చెప్పాలంటే చిందు భాగోతం. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ గురించి విన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఊరంతా ఆట చూస్తారు, ఆడినవాళ్ళని మాత్రం ఇంట్లోకి రానివ్వరు.

ఇక సినిమా సంగతి. కన్యాకుమారి దగ్గరి అగస్తీశ్వరానికి చెందిన జె.సి. డేనియల్ అనే నాడార్ క్రైస్తవుడికి కత్తిసాము, కళరి అంటే పిచ్చి. ఆ విద్యని జనానికి చూపించాలంటే సినిమాయే దారి అనుకున్నాడు. నేర్చుకుందామని మద్రాసు పోయాడు, అక్కడ కుదరక బొంబాయి పోయాడు. తిరిగొచ్చి, ఉన్న భూములమ్మి తిరువనంతపురం పట్టంలో ట్రావన్‌కూర్ నేషనల్ పిక్చర్స్ పేరుతో స్టూడియో పెట్టాడు. కథ ఆయనదే, దర్శకత్వం ఆయనదే, కెమెరా ఆయనదే, హీరో కూడా ఆయనే. సినిమా పేరు విగతకుమారన్, అంటే తప్పిపోయిన కుమారుడు. ధనవంతుల బిడ్డని ఒక దుర్మార్గుడు సింహళానికి ఎత్తుకుపోయి తోటల్లో కూలికి పెడతాడు, చివరికి వీపు మీది మచ్చ చూసి సొంతవాళ్ళు గుర్తుపడతారు. దేశమంతా పురాణాలు తీస్తున్న కాలంలో ఈయన సాంఘిక కథ ఎత్తుకోవడం గొప్పే.

చిక్కంతా కథానాయిక దగ్గర వచ్చింది. పరువుగల ఇళ్ళ ఆడవాళ్ళు కెమెరా ముందుకు రాని రోజులవి. ఫాల్కే అంతటివాడు రాజా హరిశ్చంద్రలో తారామతి వేషం మగవాడితో వేయించాడు. డేనియల్ బొంబాయి నుంచి ఒక నటిని మాట్లాడాడు, ఆమెతో పొసగలేదు. అప్పుడు దొరికింది కాక్కారిశ్శి ఆడే రోజీ. అంటే ఆమె మొదటి ఎంపిక కాదు. డేనియల్‌ని సంస్కర్త అని పొగిడేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదని మా అభిప్రాయం. కానీ దొరికాక కులం అడ్డం పెట్టకుండా నాయిక వేషం ఇచ్చాడు, అదీ నిజమే.

ఆ వేషం సరోజిని అనే నాయర్ అమ్మాయిది. రోజీకి రోజుకి 5 రూపాయల చొప్పున 10 రోజులకి ఇచ్చారని చెబుతారు. పొద్దున్నే మధ్యాహ్నం కూడు మూటగట్టుకుని వచ్చేదట. సాయంత్రం షూటింగ్ అవ్వగానే నాటకం ఆడటానికి వెళ్ళిపోయేదట. గడ్డి కోసుకునే అమ్మాయికి అంచుచీర కట్టి, నగలు పెట్టి, తలలో పూలు పెట్టి కెమెరా ముందు నిలబెట్టారు. పగలు తెర కోసం నాయర్ ఇంటి ఆడపడుచు, చీకటి పడితే మళ్ళీ పులయ రోజీ. ఆ 10 రోజులు ఆమె మనసులో ఏముందో రాసినవాళ్ళెవరూ లేరు.

సినిమా తిరువనంతపురం కేపిటల్ థియేటర్లో ఆడింది. 1928 నవంబరు 7 అని చాలాకాలం రాశారు, ఇప్పుడు ఎక్కువమంది 1930 అక్టోబరు 23 అంటున్నారు. ప్రారంభించడానికి పిలిచిన పెద్దమనిషి, రోజీ వస్తే తాను రానన్నాడని చెబుతారు. తన సినిమా తాను చూడటానికి వచ్చిన నాయికని మొదటి ఆటకి లోపలికి రానివ్వలేదు. లోపల కూర్చున్నవాళ్ళకి మాత్రం తెర మీద ఆమె కనబడింది. పులయ పిల్ల నాయర్ స్త్రీగా కనబడటమే నేరమైంది. ఆమె తలలోని పువ్వుని కథానాయకుడు ముద్దు పెట్టుకునే సీను రాగానే కేకలు మొదలయ్యాయి. తెర మీదికి రాళ్ళు రువ్వారు, తెర చిరిగింది. మూకీ కాబట్టి ఆ సినిమాలో మాటలు లేవు, బూతులు మాత్రం హాలంతా వినబడి ఉంటాయి. అంతటితో పోలేదు. ఆమె ఇంటి మీద పడ్డారు, గుడిసె తగలబెట్టారు.

ఇక్కడ మన తెలుగు సినిమా ఒకటి గుర్తొస్తుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీశారు. అంటరానితనాన్ని ప్రశ్నించిన గొప్ప సినిమా, అందులో సందేహం లేదు. అందులో మాలపిల్లగా వేసిన కాంచనమాలకి ఆంధ్రదేశమంతా నీరాజనాలు పట్టింది. ఆమె మాలవాడ పిల్ల కాదు. పైకులం పిల్ల మాలపిల్లగా వేస్తే కళ అయింది. పులయ పిల్ల నాయర్ పిల్లగా వేస్తే ఇల్లు కాలింది. కాంచనమాలని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆమె నటన మీద మాకు గౌరవమే. ఈ రెండు సినిమాలనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాలో ఒకడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

రోజీ తప్పించుకుని తమిళ ప్రాంతానికి పోయే లారీ ఎక్కింది. ఆ లారీ నడిపే కేశవపిళ్ళై ఆమెని తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. ఆయన నాయర్. ఆయన వాళ్ళు ఆ పెళ్ళిని ఒప్పుకోలేదంటారు. ఇద్దరూ నాగర్‌కోయిల్‌లో కాపురం పెట్టారు. రోజీ పేరు రాజమ్మాళ్ అయింది. నటన మాట మళ్ళీ ఎత్తలేదు. పిల్లలకి కూడా అమ్మ సినిమాలో వేసిందన్న సంగతి తెలియదు, తర్వాత విలేకరులు వెళ్ళి చెబితేనే తెలిసిందట. తెర మీద 10 రోజులు నాయర్ స్త్రీగా ఉన్నందుకు రాళ్ళు పడ్డ మనిషి, ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు నాయర్ ఇంటి ఇల్లాలిగా ఎవరికీ అనుమానం రాకుండా బతికింది. 1980ల చివర్లో కన్నుమూసింది.

ఆమె ఎందుకు దాచిందని మాలో చర్చ వచ్చింది. భయపడిందని కొందరన్నారు. అప్పుడు ఒకన్న అడిగాడు, యూనివర్సిటీలో కొత్తవాళ్ళు మీరు ఎక్కడ చదివారని అడిగితే మనం ఏం చెబుతున్నామని. ఊరి పేరు చెబుతాం, హాస్టల్ అంటాం, సాంఘిక సంక్షేమ అన్న రెండు ముక్కలు మింగేస్తాం. ఇంటిపేరు అడిగితే మాట మారుస్తాం. మా మీద ఎవరూ రాళ్ళు వేయలేదు, అయినా దాస్తున్నాం. ఆ తర్వాత రోజీని పిరికిది అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

డేనియల్ కూడా దెబ్బతిన్నాడు. సినిమా డబ్బులు రాల్చలేదు, అప్పులకి స్టూడియో మూతపడింది. పళ్ళ డాక్టరుగా బతికాడు. ప్రభుత్వం గుర్తించకుండానే 1975లో చనిపోయాడు. కేరళ ప్రభుత్వం 1992 నుంచి ఆయన పేరు మీద సినిమా రంగంలో అత్యున్నత పురస్కారం ఇస్తోంది. సినిమా మాత్రం మిగల్లేదు. చిన్నతనంలో తెలియక రీలు తగలబెట్టానని ఆయన కొడుకే తర్వాత చెప్పుకున్నాడు. అంటే ఆమె ఇల్లూ కాలింది, బొమ్మా కాలింది.

రోజీ పేరు మళ్ళీ బయటికి రావడానికి కొందరు పాత్రికేయులు, రచయితలు ఏళ్ళ తరబడి వెతకాల్సి వచ్చింది. 2008లో ఆమె జీవితం మీద మలయాళంలో వినూ అబ్రహాం నవల వచ్చింది. 2013లో కమల్ దర్శకత్వంలో సెల్యులాయిడ్ సినిమా వచ్చింది, అందులో డేనియల్‌గా పృథ్వీరాజ్ వేశాడు. అందులో రోజీని అమాయకంగా, బెదురుగా చూపించారని దళిత రచయితలు విమర్శించారు. ఆ విమర్శ న్యాయమే అనిపిస్తుంది. మగవాళ్ళు ఆడవేషం కట్టే ఆటలోకి తానే దిగి, రాత్రిళ్ళు జనం ముందు నిలబడి పాడి ఆడిన మనిషి అంత బెదురుగా ఎలా ఉంటుంది? 2019లో మలయాళ సినిమా రంగంలోని మహిళల సంఘం తమ ఫిల్మ్ సొసైటీకి పి.కె. రోజీ పేరు పెట్టుకుంది. మద్రాసులో దర్శకుడు పా. రంజిత్ ఆమె పేరు మీదే దళిత చిత్రోత్సవం మొదలుపెట్టాడు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ వేసింది.

ఈ వ్యాసంతో పాటు వేయడానికి ఆమె ఫొటో వెతికాం. ఆమెదని చెప్పే ఫొటో ఒకటి బాగా తిరుగుతోంది, కానీ అది ఆమెదేనా అన్నదాని మీద వాదాలున్నాయి. తప్పు ముఖం వేయడం ఇష్టంలేక ఫొటో తీసేసి, ఆ చోటు ఖాళీగానే ఉంచమని ప్రెస్సువాళ్ళకి చెప్పాం.