అపజయభారం మోసిన ఆచార్యుడు

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం జరుగనున్నదనగా దాని చిన్న నమూనాను తిరుమలకు తెచ్చి, శ్రీవారి సన్నిధిలో ఉంచి శాస్త్రజ్ఞులు ఆశీస్సులందుకోవడం మన ప్రాంతంవారికి పరిచితమైన దృశ్యమే. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఆ దీవి పూర్వం నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. అక్కడి కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు. ఆ పేరు వినని విద్యార్థి ఉండడు. ఆ పేరుగల మహనీయుని జీవితమెట్టిదో తెలిసినవారు మాత్రం అరుదు.

సతీష్ ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగరులో జన్మించారు. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో గణిత, భౌతిక శాస్త్రాలతో బి.ఏ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన మెకానికల్ ఇంజనీరింగులో పట్టం పొందారు. సాహిత్యమునకూ సాంకేతిక శాస్త్రమునకూ నడుమ గోడ కట్టుకొని కూర్చునే మనకు ఈ విద్యాక్రమం ఆశ్చర్యం గొలుపుతుంది. అనంతరం వారు అమెరికా వెళ్లి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోనూ, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలోనూ చదివి, ఆచార్య హాన్స్ లీప్‌మన్ శిష్యులై 1951లో డాక్టరేటు గడించారు. ఈలోగా 1947లో దేశం రెండుగా చీలింది. తాము విద్య నేర్చిన లాహోరు పరదేశమయింది.

1951లోనే స్వదేశానికి వచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అధ్యాపకులుగా చేరారు. ధ్వనివేగాన్ని మించిన గాలి ప్రవాహాలను పరిశీలించేందుకు అక్కడ వాయుసొరంగాలను నిర్మింపజేశారు. 1962లో ఆ సంస్థకే డైరెక్టరయి 1981 వరకు ఆ పదవిని నిర్వహించారు. ఎంతటి పదవినధిష్ఠించినా వారు ప్రధానంగా ఉపాధ్యాయులు.

ఆ కాలంలో అగ్రరాజ్యాల నడుమ అంతరిక్షపు పోటీ ఉద్ధృతంగా సాగుతున్నది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ 83.6 కిలోల బరువుగల స్పుత్నిక్‌ను కక్ష్యలో నిలిపి లోకాన్ని విస్మయపరచింది. అమెరికా త్వరపడి అదే యేడు డిసెంబరు 6న ప్రయోగించిన వాన్‌గార్డ్ రాకెట్టు నేల విడిచిన రెండు క్షణాలకే కూలి భస్మమయింది. 1958 జనవరి 31న ఎక్స్‌ప్లోరర్ విజయంతో గాని ఆ దేశం పరువు నిలువలేదు. సోవియట్ ప్రభుత్వమైతే విజయాలను చాటి అపజయాలను దాచేది. స్పుత్నిక్ నిర్మాణసారథియైన సెర్గే కొరొల్యోవ్ పేరు సైతం 1966లో ఆయన మరణించిన తరువాతనే లోకానికి వెల్లడయింది. ప్రతిష్ఠయే పరమావధియైన పందెంలో ఓటమికి చోటుండదు, మనిషికి పేరుండదు.

మన దేశం మార్గం వేరు. డాక్టర్ విక్రం సారాభాయ్ నాయకత్వంలో 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుండి తొలి రాకెట్టు లేచింది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి రోహిణి అనే చిన్న రాకెట్టును ప్రయోగించారు. మరి మూడు నెలలైనా గడువకముందే, డిసెంబరు 30న, సారాభాయ్ హఠాత్తుగా కన్నుమూశారు. అప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న ధావన్‌ను ఈ బాధ్యత స్వీకరించవలసిందిగా ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ కోరారు. తాము విజ్ఞాన సంస్థ డైరెక్టరుగానూ కొనసాగుతామనీ, అంతరిక్ష సంస్థ ప్రధాన కార్యాలయం బెంగుళూరులో ఉండాలనీ వారు కోరగా ప్రభుత్వం సమ్మతించింది. 1972లో వారు అధ్యక్షులైనారు.

1975 ఏప్రిల్ 19న మన తొలి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్టుపై నింగికెగసింది. అదే సంవత్సరం ఆగస్టు నుండి ఒక యేడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. పందెం గెలుపుకంటె పల్లెవానికి పనికివచ్చుటే ఇక్కడి గురి. అయితే ఉపగ్రహం మనదైనా, ఎగురవేసే వాహనం పరాయిది. ఆ లోటు తీర్చుటకే నాలుగు దశల ఎస్.ఎల్.వి.-3 రూపొందింది. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. దాని నిర్మాణసారథి రామేశ్వరం పడవయజమాని కుమారుడైన ఎ.పి.జె. అబ్దుల్ కలాం.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఆ వాహనం గగనానికి లేచింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో నియంత్రణ వ్యవస్థ చెడిపోగా, కొద్ది నిమిషాలలోనే యేండ్ల కృషి బంగాళాఖాతంలో కలిసిపోయింది. విలేఖరులు ప్రశ్నలతో వేచియున్నారు. కలాం కుంగిపోయి ఉన్నారు. ధావన్ ఆయనను ప్రశ్నల ముందుకు తోయలేదు. తామే ముందుకు వచ్చి, ఓటమి బాధ్యత తమదని ఒప్పుకొని, తమ బృందంపై తమకు పూర్తి విశ్వాసమున్నదనీ, త్వరలోనే విజయం సాధిస్తామనీ ప్రకటించారు. దాచుటకు బదులు ఒప్పుకొనుట, క్రిందివారిని నిందించుటకు బదులు భారం తలకెత్తుకొనుట, ఇదే ఆనాటి నిజమైన ప్రయోగం.

1980 జూలై 18న అదే రేవు నుండి రెండవ వాహనం లేచి, 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది. దేశమంతటా ఆనందోత్సాహాలు. ఆ దినం విలేఖరులతో మాట్లాడే గౌరవాన్ని ధావన్ కలాంకు అప్పగించి, తాము తెర వెనుకకు తప్పుకున్నారు. ఈ ఉదంతాన్ని కలాం రాష్ట్రపతియైన తరువాత కూడా విద్యార్థి సభలలో కృతజ్ఞతతో చెప్పుకునేవారు.

1984లో అధ్యక్ష పదవి విడిచిన ధావన్, పక్షులు ఎట్లు ఎగురుతాయో శ్రద్ధగా పరిశీలించి ఆ విషయంపై గ్రంథం రచించారు. 2002 జనవరి 3న బెంగుళూరులో తుదిశ్వాస విడిచారు. ఆ యేడే శ్రీహరికోట కేంద్రానికి వారి పేరు పెట్టారు.

విద్యార్థి మిత్రులారా! పరీక్షాఫలితాలు వెలువడిన దినం గెలిచినవాని చుట్టూ జనం మూగుతారు. తప్పినవాని ప్రక్కన నిలిచేవాడు ఒక్కడూ కనిపించడు. కలాం ఓడిన దినం ఆయన ప్రక్కన ఒక గురువు నిలిచి ఉండకపోతే మరుసటి యేటి విజయం ఎవరిదై ఉండేదో! పెద్దలైన మేము ఆ గురువువలె నిలువగలుగుదుము గాక. చిన్నవారైన మీరు ఆ శిష్యునివలె మరల లేవగలుగుదురు గాక!