సొంత చేతులతో ఇల్లు కట్టుకోవచ్చా? రెండు పొరల గోడ, వెచ్చని గచ్చు.. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 30 ఏళ్ల తపన ఇదీ!

మేస్త్రీ మీద ఆధారపడకుండా సామాన్యుడు తన ఇల్లు తానే కట్టుకోగలడా? అమెరికాకు చెందిన ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ను 30 ఏళ్ల పాటు వెంటాడిన ప్రశ్న ఇది. జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు, న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం చూసి ఆయన్ను గుర్తుపట్టేవాళ్లు చాలామందే. సిమెంట్ దిమ్మెలతో ఆయన పడ్డ పాట్లు మాత్రం తక్కువ మందికే తెలుసు.

రైట్ 1867 జూన్ 8న విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టారు. చిన్నప్పుడు తల్లి కొనిచ్చిన చెక్క దిమ్మెలే ఆయన ఆట వస్తువులు. యూనివర్సిటీలో చేరినా డిగ్రీ పూర్తి చేయలేదు. షికాగో వెళ్లి లూయీ సల్లివన్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ దగ్గర పని నేర్చుకున్నారు. 1893లో సొంత ఆఫీసు తెరిచారు. బాగానే ఎదిగారు. 1914లో మాత్రం కోలుకోలేని దెబ్బ తగిలింది. ఇంట్లో పనివాడు నిప్పు పెట్టి, గొడ్డలితో దాడి చేశాడు. ఆయనతో కలిసి ఉంటున్న మేమా బోర్త్‌విక్, ఆమె ఇద్దరు పిల్లలు సహా ఏడుగురు చనిపోయారు. ఆ సమయంలో రైట్ షికాగోలో ఉన్నారు. తర్వాత అదే చోట మళ్లీ ఇల్లు కట్టారు.

1923లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో కొత్త ప్రయోగం మొదలుపెట్టారు. అప్పట్లో కాంక్రీట్ దిమ్మె అంటే చులకన. ఆ చవక సరుకుతోనే అందమైన ఇల్లు కట్టి చూపించాలనుకున్నారు. అదే మిల్లర్డ్ హౌస్. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్‌లో మరో మూడు ఇళ్లు కట్టారు.

ఇంతకీ ఆ గోడలో ఏముంది? బయట ఒక వరుస దిమ్మెలు, లోపల ఇంకో వరుస. రెండింటి మధ్య ఖాళీ. ఆ ఖాళీలోని గాలి బయటి ఎండను, చలిని లోపలికి తొందరగా రానివ్వదు. అదే అసలు కిటుకు. కొత్తగా కనిపెట్టిన తన పద్ధతిలో దిమ్మెల అంచుల గాడుల్లో ఇనుప చువ్వలు పెట్టి, పల్చటి సిమెంట్ పాలు పోయించారు.

అయితే చిక్కంతా నీటితోనే వచ్చింది. దిమ్మెలు తేమను పీల్చుకున్నాయి. లోపలి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బడంతో దిమ్మెలు పగిలాయి. ఈ నాలుగింటిలో పెద్దదైన ఎన్నిస్ హౌస్ 1994 భూకంపంలో బాగా దెబ్బతింది.

రైట్ ఆగలేదు. 1937లో మాడిసన్‌లో ఓ యువ జర్నలిస్టు కుటుంబానికి జేకబ్స్ హౌస్ కట్టిచ్చారు. ఫీజుతో కలిపి ఖర్చు 5,500 డాలర్లు. గదుల్లో హీటర్లు లేవు. నేల మీద పైపులు పరిచి, వాటిపైన కాంక్రీట్ గచ్చు పోశారు. పైపుల్లోని వేడితో గచ్చు మొత్తం వెచ్చబడేది. జపాన్‌లో కొరియా పద్ధతిలో కట్టిన ఓ గదిలో కాళ్లకు తగిలిన వెచ్చదనమే ఆయనకు ఈ ఆలోచన ఇచ్చింది.

ఎనభై దాటిన వయసులో పాత దిమ్మెలను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. 1950లలో యుసోనియన్ ఆటోమేటిక్ అనే పద్ధతి తెచ్చారు. ఇంటివాళ్లే అచ్చుల్లో దిమ్మెలు పోసుకోవాలి, వాళ్లే పేర్చుకోవాలి. ఖర్చు తగ్గాలి. లెక్క ఇంతే! కొందరు దంపతులు నిజంగానే దిమ్మెలు స్వయంగా పోసుకుని ఇల్లు కట్టుకున్నారు. కానీ మూలకో రకం, కిటికీకో రకం, కప్పుకో రకం దిమ్మె కావాల్సి వచ్చింది. పని అనుకున్నంత తేలిక కాలేదు, చవకా కాలేదు. చివరికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఇళ్లే లేచాయి.

1959 ఏప్రిల్ 9న 91 ఏళ్ల వయసులో రైట్ కన్నుమూశారు. జేకబ్స్ హౌస్‌కు 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

చలి దేశాల్లో ఇప్పుడు సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లు రెండు పొరల గోడ మధ్య ఖాళీని ఇంకా వెడల్పు చేస్తున్నారు. అందులో వేడిని ఆపే దళసరి షీట్లు నింపుతున్నారు. గచ్చు కిందా అవే షీట్లు పరిచి, ఆ తర్వాతే కాంక్రీట్ పోస్తున్నారు. రెండు పొరలను కలిపే ముక్కలకు తుప్పు పట్టని ఉక్కు వాడుతున్నారు. గోడలోకి దిగిన నీరు బయటికి పోయే దారి ముందే వదులుతున్నారు. రైట్ గోడలను దెబ్బతీసింది సరిగ్గా ఈ రెండే.. తుప్పు, తేమ. గోడ లేచాక, గచ్చు పోశాక వీటిని సరిచేయడం చాలా కష్టం. అందుకే ప్లాన్ గీసే రోజే తేల్చుకోవాలి.