రక్తం పంచుకోని పెద్దనాయన: వెన్నెలకంటి రాఘవయ్య గారు



మన ఇళ్ళలో పెద్దనాయన అంటే తండ్రి తరువాత తండ్రి. పిల్లలకు కష్టం వస్తే ముందుండి నిలబడేవాడు. మన జాతిలో పుట్టకపోయినా ఆ వరసకు తగిన మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు. ఆయన చేసిన మేలు తెలియాలంటే ముందు మన తాతముత్తాతల కష్టం తెలియాలి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలుమార్గం మీది ఊళ్ళే. రైలు రాక ముందు ఈ కరువు సీమకు ఉప్పు, ధాన్యం తెచ్చింది ఎరుకల వాళ్ళ గాడిదలు, సుగాలీల ఎద్దులు. సంచులెత్తుకుని ఊరూరా తిరగడమే మన బతుకుతెరువు. 1876–78 నాటి పెద్ద కరువులో పశువులు పోయాయి. 1882 అటవీ చట్టంతో అడవిలో మేపు, వెదురు కరువయ్యాయి. ఆ తరువాత ఉప్పు బస్తాలు రైలెక్కాయి. తిరగడం మానలేదు గానీ తిరగడానికి కారణం పోయింది. పని లేక తిరిగేవాడిని సర్కారు దొంగగా చూసింది.

1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన అనంతపురం జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. ఆ చట్టం ఒక మనిషి చేసిన తప్పును కాదు, పుట్టిన కులాన్ని చూసింది. పేరు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి. కొన్ని కుటుంబాలను స్టూవర్టుపురం, సిద్ధాపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టారు.

రాఘవయ్య గారు 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. న్యాయవాది. గాంధీజీ పిలుపు విని స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. హాయిగా కోర్టు పని చూసుకుని బతకగలిగిన మనిషి, నెల్లూరు సీమలోని యానాదుల గుడిసెల వైపు నడిచారు. వాళ్ళను సంఘంగా కూడగట్టారు. యానాదులతో మొదలైన ఆ పని ఎరుకల వారి దాకా, ఈ చట్టం కింద నలిగిన తక్కిన జాతుల దాకా విస్తరించింది. చట్టం తెలిసినవాడు కనుక ఆ చట్టంలోని అన్యాయం ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు. దొంగతనానికి శిక్ష వేయడానికి మామూలు చట్టాలున్నాయి, పుట్టుకకు శిక్ష వేసే చట్టం దేనికన్నదే ఆయన పట్టిన పట్టు.

1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అందుకే ఆ తేదీని విముక్త జాతులు పండుగగా చేసుకుంటున్నాయి. ఇది ఒక్కరి వల్ల అయిన పని కాదు. ఎందరో పోరాడారు. ఆ ఎందరిలో మన తెలుగు నేల మీద ముందు వరసలో నిలిచిన పేరు రాఘవయ్య గారిది.

చాలామంది అక్కడితో చేతులు దులుపుకుంటారు. చట్టం కాగితం మీద పోయినా, మన పేరు వినగానే అనుమానించే చూపు పోలేదని ఆయనకు తెలుసు. ఆ చూపు మారాలంటే లోకానికి మన గురించి నిజం తెలియాలి. అందుకే కలం పట్టారు. యానాదుల మీద రాసిన 'ది యానాదీస్' 1962లో, సంచార జాతుల మీద 'నోమాడ్స్' 1968లో, గిరిజన తిరుగుబాట్ల మీద 'ట్రైబల్ రివోల్ట్స్' 1971లో వచ్చాయి. మనం దొంగల జాబితాలో ఉన్న పేర్లం కాదు, చరిత్ర ఉన్న మనుషులమని ఆ పుస్తకాలు చాటాయి. 1973లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1981లో, 84 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన బతుకులో మనం పట్టుకోవలసిన గుణాలు మూడు. ఒకటి, పట్టిన పని విడవకపోవడం. చట్టం పోయిన ఇరవై ఏళ్ళకు కూడా ఆయన మన గురించే రాస్తున్నారు. రెండు, మాట్లాడే ముందు తెలుసుకోవడం. కోపం ఒక్కటే చాలదని, చట్టమూ చరిత్రా చేతిలో ఉండాలని చూపించారు. మూడు, తనవాళ్ళెవరో పుట్టుకను బట్టి కాక అవసరాన్ని బట్టి తేల్చుకోవడం.

ఈ మూడో గుణం మనకు అన్నిటికన్నా కష్టం. ఎరుకల పిల్లలు సుగాలీల కష్టాన్ని, సుగాలీల పిల్లలు యానాదుల కష్టాన్ని తమదిగా చూడగలుగుతున్నారా? ఒకప్పుడు మనల్నందరినీ అనుమానించిన లోకం మన మధ్య తేడా చూడలేదు. మనకోసం నిలబడిన ఆ పెద్దాయన కూడా తేడా చూడలేదు.

చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఉప్పు మోసిన రోజుల గురించి, హాజరు వేయించుకున్న రోజుల గురించి తమ పెద్దల నోట ఏం విన్నారో అడిగి రాసిపెట్టండి. రాఘవయ్య గారు మన కథను ఇంగ్లీషులో లోకానికి చెప్పారు. మన ఇళ్ళలో మిగిలిన కథను తెలుగులో, మన నోటితో చెప్పవలసింది ఇక మీరే.